‘విషం కనబడలేదు’ అన్న రిపోర్టులో ఏం వెతికారో కూడా రాయండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఫోరెన్సిక్ సైన్స్ లాబొరేటరీల డైరెక్టర్లకు, రెండు రాష్ట్రాల హోం శాఖల అధికారులకు.

2019 నవంబరులో ఏలూరులో ఒక వ్యక్తి అరెస్టయినప్పుడు ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల్లో చాలా కుటుంబాలు ఉలిక్కిపడ్డాయి. సంపద కలిసొస్తుందని నమ్మించి, ప్రసాదంలో సైనైడ్ కలిపి పెట్టి, 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబరు వరకు అతను పది మందిని చంపాడని పోలీసులు చెప్పారు. ఆ మరణాల్లో చాలావాటిని అప్పట్లో గుండెపోటనో, కాలం తీరిందనో అనుకుని దహనమో ఖననమో చేసేశారు. చివరగా చనిపోయిన వ్యాయామ ఉపాధ్యాయుడి విషయంలో ఇంట్లోవాళ్లు ఊరుకోలేదు. ఆయన వెంట తీసుకెళ్లిన డబ్బు, బంగారం కనిపించకపోవడంతో అనుమానించి ఫిర్యాదు చేశారు. ఆ అనుమానమే లేకపోతే పదకొండో మనిషి కూడా అలాగే పోయేవాడేమో.

ఇలాంటి మరో కథకు హైదరాబాద్‌తో నేరుగా సంబంధం ఉంది. కేరళలోని కూడత్తాయిలో ఒకే కుటుంబానికి, వారి బంధువర్గానికి చెందిన ఆరుగురు 2002 నుంచి 2016 మధ్య ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 2011లో చనిపోయిన వ్యక్తికి పోస్టుమార్టం జరిగింది, శరీరంలో సైనైడ్ దొరికింది. అయినా దాన్ని ఆత్మహత్యగా లెక్కేసి వదిలేశారు. 2019లో సమాధులు తవ్వారు. నలుగురి అవశేషాలను హైదరాబాద్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలో పరీక్షిస్తే సైనైడ్ ఆనవాళ్లు లేవని 2023లో రిపోర్టు వచ్చింది. అది హైదరాబాద్ నిపుణుల తప్పు కాదు. సైనైడ్ శరీరంలో నిలవ ఉండే విషం కాదు. ఆవిరవుతుంది, కుళ్లే క్రమంలో రూపం మారుతుంది. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న ఎముకలను అడిగితే అవేం చెబుతాయి? విషం లేదని అర్థమా, ఉండి పోయిందని అర్థమా అన్నది ఆ ఒక్క వాక్యంతో తేలదు.

ఈ లేఖ సారాంశం అక్కడే ఉంది. మీ ప్రయోగశాల నుంచి ‘విషపదార్థం కనబడలేదు’ అన్న వాక్యం బయటకు వెళ్లినప్పుడు దాన్ని ఎస్సై ఒకలా చదువుతాడు, బీమా కంపెనీ ఒకలా, డిఫెన్స్ లాయరు మరోలా. చనిపోయిన మనిషి తల్లి మాత్రం ‘నా బిడ్డకు ఎవరూ ఏమీ పెట్టలేదన్నమాట’ అని చదువుకుంటుంది. ఏ విషం కోసం వెతికారో, ఏ పద్ధతిలో వెతికారో, ఎంత తక్కువ మోతాదు వరకు ఆ పద్ధతి పట్టుకోగలదో రిపోర్టులో రాయకపోతే వీళ్లలో ఎవరి అర్థం సరైనదో తేల్చేవారు ఉండరు.

మీకు తెలియనిది కాదు గానీ, పాఠకుల కోసం కాస్త వివరంగా చెప్పాలి. పోస్టుమార్టం చేసే డాక్టరు కడుపు, అందులోని పదార్థం, చిన్నపేగు ముక్క, కాలేయం, మూత్రపిండాల భాగాలను సీసాల్లో పెట్టి, ఉప్పు బాగా కలిపిన నీళ్లు పోసి సీలు వేస్తాడు. విసెరా అనేది దాన్నే. రక్తానికి వేరే సీసా, అందులో సోడియం ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ వేయకపోతే బాక్టీరియా పనిచేసి, చుక్క మందు ముట్టని మనిషి రక్తంలో కూడా ఆల్కహాల్ పుట్టించగలదు. రక్తం గుండె నుంచి తీశారా, తొడ దగ్గరి సిర నుంచి తీశారా అన్నదీ ముఖ్యమే. చనిపోయాక కొన్ని మందులు అవయవాల నుంచి గుండె రక్తంలోకి చేరి, మోతాదును ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తాయి. బియ్యం బస్తాల్లో పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్ర మింగి చనిపోయిన కేసులో సీసా మూత గట్టిగా లేకపోతే, పట్టుకోవాల్సిన ఫాస్ఫీన్ వాయువు దారిలోనే పోతుంది.

యంత్రాలకూ హద్దులున్నాయి. జీసీ–ఎంఎస్ అనే యంత్రం నమూనాను వేడితో ఆవిరి చేసి చూస్తుంది. ఆవిరి కాని పదార్థం దానికి నేరుగా చిక్కదు. మన పల్లెల్లో గడ్డిమందు పేరుతో దొరికేవాటిలో అతి భయంకరమైన పారాక్వాట్ అలాంటిదే. గన్నేరు పప్పులో గుండెను ఆపేసే గ్లైకోసైడ్లూ అంతే. వాటికి నమూనాను ద్రవంగానే విడదీసే ఎల్‌సీ–ఎంఎస్ కావాలి, వాటి కోసమే వెతకాలి. పారాక్వాట్ విషయంలో చాలా తేలికైన పరీక్ష ఒకటుంది: రోగి మూత్రానికి కాస్త క్షారం, సోడియం డైథయోనైట్ కలిపితే నీలిరంగు వస్తుంది. ఏరియా ఆసుపత్రిలో నిమిషాల్లో అయ్యే పని. విరుగుడు లేని ఆ మందు తాగినవాళ్లు చాలాసార్లు రోజుల తరబడి బతికే ఉంటారు. ఆ రోజుల్లో తీసిన మొదటి రక్తం, మొదటి మూత్రం, కడుపు కడిగిన నీళ్లు పారేయకుండా ఉంచితే సాక్ష్యం మిగులుతుంది. వారం చికిత్స తర్వాత చనిపోయిన మనిషి విసెరాలో విషం దొరక్కపోవడం వింతేమీ కాదు.

ఏ పరీక్ష చేస్తే ఆ జవాబే వస్తుందనడానికి 2020 డిసెంబరు నాటి ఏలూరే సాక్షి. జనం రోడ్ల మీద మూర్ఛపోయి పడిపోయారు, 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ చూసింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలు చూసింది. ఒక్క ప్రయోగశాల, ఒక్క పరీక్షతో ఆగి ఉంటే రెండో సంగతి బయటకు వచ్చేది కాదు.

ఈ పని ఈ నేలకు కొత్త కాదు. దేశంలో మొదటి కెమికల్ ఎగ్జామినర్ ప్రయోగశాల 1849లో మద్రాసులో పెట్టారు. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీవే. ఆ తర్వాత రెండేళ్లకే బెల్జియం రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ స్టాస్ శవం నుంచి నికోటిన్‌ను వేరుచేసి ఒక హంతకుణ్ని పట్టించాడు. ఆయన చూపిన దారిలోనే ఈనాటికీ మన ప్రయోగశాలలు విసెరా నుంచి విషాన్ని వెలికితీస్తున్నాయి. అంటే విద్య ఉంది. కావాల్సింది వేగం, వివరం.

వేగం గురించి సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. 2014 జనవరిలో బిహార్‌కు చెందిన జోషిందర్ యాదవ్ కేసులో, విషప్రయోగం అనుమానం ఉంటే పోస్టుమార్టం కాగానే విసెరాను ల్యాబుకు పంపాలని, ల్యాబు వెంటనే పరీక్షించి రిపోర్టు ఇవ్వాలని ఆదేశించింది. అది సాధ్యమేనని అదే బిహార్ అంతకు ఆర్నెల్ల ముందు చూపించింది. 2013 జులైలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోతే, మిగిలిన ఆహారంలో, నూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని వారం తిరక్కుండానే తేల్చారు. దేశమంతా చూస్తున్న కేసుకు దొరికిన ఆ వేగం, ఒంటరిగా చనిపోయిన కోడలి కేసుకూ దొరకాలి. అత్తింట్లో చనిపోయిన అమ్మాయి తండ్రి స్టేషనుకు వెళ్లిన ప్రతిసారీ ‘విసెరా రిపోర్టు రావాలి’ అన్న ఒకే జవాబుతో తిరిగి రావడం అన్యాయం. భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చి, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లాలంటోంది. దానితో మీ బల్లల మీద సీసాలు ఇంకా పెరుగుతాయి. ఖాళీగా ఉన్న పోస్టులు నింపకుండా ఆ భారం మోయమనడం అక్కడి శాస్త్రజ్ఞులకూ న్యాయం కాదు, హోం శాఖ ఈ సంగతి ముందు చూడాలి.

టాక్సికాలజీ విభాగంలో ఎన్ని కేసులు ఎన్నాళ్లుగా ఆగి ఉన్నాయో నెలనెలా ప్రకటించండి. ప్రతి ఏరియా ఆసుపత్రికి ఫ్లోరైడ్ సీసాలు, డైథయోనైట్ చేరేలా ఆరోగ్య శాఖతో మాట్లాడండి. వీటికి డబ్బు కావాలి, ఉత్తర్వులు కావాలి, కొంత సమయం పడుతుందని ఒప్పుకోవాల్సిందే. కానీ ‘కనబడలేదు’ అన్న వాక్యం కింద నాలుగు వివరాలు రాయడానికి అవేమీ అక్కర్లేదు: నమూనా ఏ రోజు తీశారు, ఏ స్థితిలో మీకు అందింది, ఏ విషాల కోసం ఏ పద్ధతిలో వెతికారు, వేటి కోసం వెతకలేదు. రేపు మీరు సంతకం పెట్టే మొదటి రిపోర్టుతోనే ఆ పని మొదలుపెట్టండి.