పారే గోదారి, అర సీసా వుజూ

మొన్న ధవళేశ్వరంలో ఉండగా అసర్ వక్త్ అయింది. రేవు మెట్ల మీద కూర్చుని, సీసాలో నీళ్లు ముంచుకుని వుజూ చేస్తున్నాను. పక్కనున్న పెద్దాయన, కోనసీమ రైతట, నవ్వాడు. "ఎదురుగా అంత గోదారి పెట్టుకుని అర సీసాతో సరిపెడతావేం బాబూ?"

వుజూలో నీళ్లు ఎక్కువ వాడుతున్న హజ్రత్ సఅద్ (ర)ను ప్రవక్త (స) వారించారనీ, పారే నది ఒడ్డున ఉన్నా ఇస్రాఫ్ కూడదన్నారనీ హదీసులో ఉందండీ అన్నాను. ఆయన కాసేపు ఆనకట్ట వైపు చూశాడు.

"మాది కాలవ శివారు. ఎగువవాళ్లు ఆ మాట వింటే మా చేను ఎండదు. మీ ప్రవక్తగారు శివారు రైతు బాధ తెలిసినాయనే!"

ఎన్నో బయాన్లు విన్నాను గానీ ఈ హదీసును శివారు చేలో నిలబడి ఎప్పుడూ చూడలేదు. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టించాడు సరే, ఎగువవాడు వదిలితేనే కదా నీళ్లు చివరిదాకా వెళ్లేది! ఈమాన్ తాజా అయింది, అల్‌హందులిల్లాహ్. సిగ్గూ వేసింది. మన వుజూఖానాలు చూడండి: నల్లా పూర్తిగా తిప్పేసి కబుర్లు. దావత్ గురించి గంటలు మాట్లాడతాం. గోడ అవతల బిందెతో నిలబడ్డ పొరుగింటావిడకు ఆ నల్లా చప్పుడు ఏ దీన్ వినిపిస్తుంది?

సన్నధార నల్లాలు పెట్టమని జుమా తర్వాత మా కమిటీని అడిగాను. ఆలోచిస్తున్నారు. ఈలోగా ఇంట్లో పిల్లల చేతికి బద్నా ఇచ్చాను.