సంతకం పెట్టే ముందు

తుంగభద్ర కాలువలో ఈత నేర్చిన మన బాళగనూరు పిల్లలు ఈసారి సెలవులకు మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవిలో స్కూబా డైవింగ్ చేస్తామంటున్నారు. వద్దనకండి, పద్ధతిగా పంపండి. వానాకాలంలో అక్కడ డైవింగ్ ఉండదు. కాబట్టి అక్టోబరు దాటాకే ప్రయాణం పెట్టుకోవాలి.

ఖర్చుల లెక్క కన్నా ముఖ్యమైనది ఆరోగ్య పత్రం. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనకంటే రెట్టింపు. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది. అందుకే ఊపిరి బిగబట్టకూడదు. ఉబ్బసం ఉన్నవారికి బిగబట్టకపోయినా గాలి లోపల చిక్కుకుని ప్రాణం మీదకు రావచ్చు. ఉన్న జబ్బు దాచకుండా రాసి, ముందు డాక్టరుకు చూపించాలి. విమానంలో తిరిగి వెళ్ళేవారు డైవింగ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగాలి.

అప్పు కాగితంలో అబద్ధం రాస్తే డబ్బుతో తీరుతుంది. ఈ కాగితంలో రాస్తే తీరేది కాదు.