పాతపాట – కొత్తబాణీ

పాతపాటను మార్చి పాడుట తప్పా? 2025 మే నెలలో ఈ ప్రశ్న తలయెత్తినది. ‘డీడీ నెక్స్ట్ లెవెల్’ అను తమిళ చలనచిత్రపు పాటలో ‘శ్రీనివాసా గోవిందా’ నామావళిని హాస్యమునకు వాడిరని భక్తులు నొచ్చుకొనిరి. విడుదలకు ముందే నిర్మాతలు ఆ భాగమును తొలగించిరి.

అట్లని మార్పే దోషమనరాదు. అన్నమాచార్యుల సంకీర్తనలు గల రాగిరేకులపై రాగముల పేర్లున్నవి గాని, స్వరములు లేవు. మైసూరులో తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వానిలో పెక్కింటికి కొత్తగా స్వరములు కూర్చిరి. వానిని మనము భక్తితోనే పాడుచున్నాము.

కావున చూడవలసినది మార్పును కాదు, భావమును. మన బళ్లారిలో గోవింద నామము తెలుగువారి నోటను, కన్నడిగుల నోటను గలదు. ఒకరి పూజను నవ్వులపాలు చేయరాదు. పాట వినకయే నిందింపనురాదు. విద్యార్థులారా, మొదట వినుడు, అర్థము తెలిసికొనుడు. తీర్పు ఆ పిమ్మట.