50% ఫిల్మ్ వేస్తే 50% అద్దం రాదు: కార్ టింట్ రూల్స్‌లో మనం మర్చిపోతున్న లెక్క

మొన్న శనివారం అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి వెళ్లింది ఫోన్‌కి ప్రైవసీ గ్లాస్ వేయించడానికి. వేయించుకుని రోడ్డు మీదకొచ్చి మెసేజ్ చదవబోతే ఏమీ కనిపించలేదు, బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టాల్సి వచ్చింది. పక్కవాడికి కనిపించొద్దని వేసుకున్న గ్లాస్ నాకే సగం కనిపించకుండా చేసింది. సర్లే, ఫోన్ గ్లాసే కదా, నచ్చకపోతే పీకేయొచ్చు.

అక్కడి నుంచి నాంపల్లి వైపు ఒక కార్ డెకార్ షాపుకి వెళ్లాను. నాన్న కారుకి సన్ ఫిల్మ్ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట వెనక సీట్లో అమ్మ కూర్చోలేకపోతోంది. షాపతను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఫిఫ్టీ పర్సెంట్ ఏస్కోండి అన్నా, లీగలే. పోలీసోళ్లు ఏమనరు" అన్నాడు.

ఆ ఒక్క మాటలో రెండు తప్పులున్నాయి. ఒకటి లెక్కలో, ఇంకోటి చట్టంలో. ఫోన్ కొనేముందు ప్రాసెసర్ ఎన్ని నానోమీటర్లో అడిగే మనం, కారు అద్దం దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఏమీ అడగం? నా కంప్లైంట్ అదే.

ముందు లెక్క

అద్దం గుండా కంటికి కనిపించే కాంతి ఎంత శాతం లోపలికొస్తుందో చెప్పే నంబర్‌ని విజిబుల్ లైట్ ట్రాన్స్‌మిషన్ అంటారు, పొట్టిగా వీఎల్‌టీ. నంబర్ తగ్గేకొద్దీ అద్దం నల్లబడుతుంది. కంపెనీ నుంచి వచ్చిన అద్దం కూడా 100% ఉండదు. లేత ఆకుపచ్చ రంగులో ఉండే మామూలు కార్ అద్దం సుమారు 75% ఉంటుందనుకుందాం. దాని మీద 50% ఫిల్మ్ అంటిస్తే రెండూ గుణించుకోవాలి: 0.75 × 0.50. అంటే 37.5%. సైడ్ అద్దాలకు చట్టం అడిగేది కనీసం 50%. షాపతను "లీగల్" అన్న ఫిల్మ్ అంటించిన క్షణమే ఇల్లీగల్ అయిపోయింది.

అదే 70% ఫిల్మ్ అయితే 52.5% వస్తుంది, అంచు మీద పాస్. ముందు విండ్‌షీల్డ్‌కి కావాల్సింది 70%. 75% అద్దం మీద దాదాపు పారదర్శకంగా ఉండే 90% ఫిల్మ్ వేసినా 67.5%కి పడిపోతుంది. ముందు అద్దానికి చాలా కార్లలో అసలు చోటే లేదన్నమాట.

చట్టం ఎక్కడుంది?

1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 100వ రూల్ ఇది: ముందు, వెనక అద్దాలకు కనీసం 70%, సైడ్ అద్దాలకు కనీసం 50%. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆ శాతాలు అద్దం తయారయ్యేటప్పుడే ఉండాలి, తర్వాత ఏ శాతం ఫిల్మ్ అయినా అంటించకూడదు అని చెప్పింది. ఆ ఏడాది మే 4 నుంచి దేశమంతా అమలు. జెడ్, జెడ్ ప్లస్ సెక్యూరిటీ ఉన్నవాళ్ల వాహనాలకు మాత్రం మినహాయింపు ఇవ్వొచ్చంది.

చాలామంది కథ అక్కడితో అయిపోయిందనుకుంటారు. అవలేదు. 100వ రూల్‌ని కేంద్రం సవరించింది, 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గ్లాస్‌తో పాటు "సేఫ్టీ గ్లేజింగ్" అనే మాట చేరింది, అంటే లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా. దాని ఆధారంగా 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు, 70/50 పరిమితి దాటకుండా, భారతీయ ప్రమాణాలకు తగ్గట్టున్న ఫిల్మ్ వేసుకుంటే ఫైన్ వేయడానికి లేదని చెప్పింది. ఫిల్మ్ షాపులన్నీ ఇప్పుడు చూపిస్తున్నది ఈ తీర్పే. కానీ అది కేరళ హైకోర్టుది. ఇక్కడి కోర్టులు దాన్ని పరిగణనలోకి తీసుకోవచ్చు గానీ, మన హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులకు అది నేరుగా ఆదేశం కాదు. 2022 మార్చిలో ఇక్కడ జరిగిన స్పెషల్ డ్రైవ్ గుర్తుంది కదా? జూబ్లీహిల్స్‌లో పెద్ద హీరోల కార్లకే 700 రూపాయల చలానా రాసి ఫిల్మ్ పీకేశారు.

నిషేధం ఊరికే రాలేదు

ఇక్కడ నేను ఫిల్మ్ లాబీ వైపు మాట్లాడటం లేదు. నల్ల అద్దాల వెనక నేరం జరిగితే రోడ్డు మీద ఎవరికీ తెలియదన్నదే 2012 తీర్పు వెనకున్న భయం. అదే ఏడాది డిసెంబర్ 16న ఢిల్లీలో ఆ ఘోరం జరిగిన బస్సుకి నల్ల ఫిల్మ్, కర్టెన్లు ఉన్నాయి. ఆ భయం ఎంత నిజమో దేశమంతా చూసింది.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. పోయిన చలికాలం మా బావ కారులో నుమాయిష్ చూసి వస్తున్నాం. అన్ని అద్దాలకూ బాగా నల్లటి ఫిల్మ్. నాంపల్లి స్టేషన్ దగ్గర ఎడమకి తిరుగుతుంటే, నెత్తిన బ్యాగ్ పెట్టుకుని దాటుతున్న ఒక మనిషి మా ఇద్దరికీ కనిపించలేదు. బ్యాగ్ బానెట్‌కి తగిలి కిందపడ్డాక కనిపించాడు. ఆయనకేం కాలేదు. మా బావ కిందికి దిగి దండం పెట్టినంత పని చేశాడు. అప్పటి నుంచి రాత్రి పూట సైడ్ అద్దాలు దించే నడుపుతున్నాడు. పగలు చల్లగా ఉంటుందని వేయించుకున్న ఫిల్మ్, రాత్రి అద్దమే వాడుకోనివ్వట్లేదు.

అందుకే 50% అనే గీత ఉండాల్సిందే అంటాను. గీత ఉంది సరే, దాన్ని కొలిచేది ఎవరు?

చీకటి వేరు, చల్లదనం వేరు

ఎండలో వచ్చే శక్తిలో దాదాపు సగం మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. దాన్ని ఆపడానికి అద్దం నల్లగా ఉండక్కర్లేదు. మంచి సిరామిక్ ఫిల్మ్ 70% వీఎల్‌టీతో కూడా చౌక రకం నల్ల ఫిల్మ్ కన్నా ఎక్కువ వేడి ఆపగలదు. చౌక డై ఫిల్మ్ చేసేది ఎక్కువగా రంగు పులమడమే. అద్దం తానే వేడెక్కి, ఆ వేడిలో కొంత లోపలికి వదులుతుంది.

షాపులో హీట్ ల్యాంప్ ముందు ఫిల్మ్ పెట్టి, వెనక చెయ్యి పెట్టమంటారు. "97% ఐఆర్ రిజెక్షన్" అని బోర్డు. ఫోన్ బాక్స్ మీద "4500 నిట్స్ పీక్ బ్రైట్‌నెస్" లాంటిదే ఇది. స్క్రీన్‌లో చిన్న ముక్క మీద కాసేపు వచ్చే నంబర్‌ని మొత్తానికి చెప్పినట్టు, ఇన్‌ఫ్రారెడ్‌లో అనుకూలమైన చిన్న భాగం తీసుకుని 97% అనొచ్చు. మీరు అడగాల్సింది టీఎస్ఈఆర్, అంటే మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందనే నంబర్. అది సాధారణంగా బోర్డు మీది ఐఆర్ నంబర్ కన్నా బాగా తక్కువే ఉంటుంది. మెటల్ కలిసిన ఫిల్మ్ అయితే ఇంకో జాగ్రత్త: జీపీఎస్, ఫాస్టాగ్, మొబైల్ సిగ్నల్‌కి అడ్డు రావొచ్చు.

బయట ఎలా చేస్తున్నారు?

బ్రిటన్‌లో విండ్‌షీల్డ్ 75%, ముందు సైడ్ అద్దాలు 70% ఉండాలి. అక్కడ పోలీసులు కాంతిని కొలిచే పరికరం పెట్టి చూస్తారు. అమెరికాలో రాష్ట్రానికో రూల్. డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య కారుకి ముందు డోర్ల అద్దాలు 25% దాకా ఉండొచ్చు, అదే కారు కాలిఫోర్నియాకి మార్చుకుంటే 70% ఉండాలి. టెక్సాస్‌లో ఫిల్మ్ వేసినవాళ్లు రూల్ ప్రకారమే వేశామని చిన్న లేబుల్ కూడా అంటించాలి. ఎండకి పడని చర్మ సమస్యలున్నవాళ్లకు చాలా రాష్ట్రాల్లో డాక్టర్ కాగితంతో మినహాయింపు ఉంటుంది. గీత ఎక్కడ గీయాలన్నది ఒక్కొక్కరిది ఒక్కో మాట. కానీ గీత నంబర్‌లో ఉంటే కొలత కూడా నంబర్‌లోనే ఉండాలి కదా.

మన దగ్గర షాపతను కంటితో చూసి "లీగల్" అంటాడు. రోడ్డు మీద కూడా చాలాసార్లు కంటితో చూసే తేలుస్తారు. 52% ఉన్న సిరామిక్ ఫిల్మ్‌కి డబ్బు పోసినవాడిదీ, 10% నల్ల ఫిల్మ్ వేసినవాడిదీ ఒకే గతి. అలాంటప్పుడు రూల్ పాటించాలని ఎవరికి అనిపిస్తుంది? అద్దానికి రెండు వైపులా పట్టుకుని నొక్కితే నంబర్ చెప్పే టింట్ మీటర్లు జేబులో పట్టేంతవే. ప్రతి చెక్‌పోస్ట్ దగ్గరా ఒకటి, ఫిల్మ్ అమ్మే ప్రతి షాపులో ఒకటి ఉండాలని నేనంటాను. బిల్లు మీద ఫిల్మ్ నంబర్ కాదు, ఫిల్మ్ వేశాక అద్దం నంబర్ రాయాలి.

లైట్లతో మాత్రం ఆటలొద్దు

అద్దాల విషయంలో వాదించుకోవచ్చు. టెయిల్ ల్యాంప్‌కి స్మోక్ ఫిల్మ్ వేసేవాళ్లతో నాకు వాదన లేదు, తీసేయమనడమే. వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలని రూల్. స్మోక్ ఫిల్మ్ వేస్తే వర్షంలో మీ వెనక వచ్చే బైక్‌వాడికి మీ బ్రేక్ లైట్ ఆలస్యంగా కనిపిస్తుంది. మీకు దక్కేది ఫొటోలో లుక్ ఒక్కటే.

ఎల్‌ఈడీ బల్బులదీ ఇదే కథ. హాలోజన్ హెడ్‌లైట్‌లో రిఫ్లెక్టర్‌ని ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి డిజైన్ చేస్తారు. అందులో ఆన్‌లైన్‌లో కొన్న ఎల్‌ఈడీ పెడితే కాంతి పుట్టే చోటు, ఆకారం మారిపోతాయి. రోడ్డు మీద పడాల్సిన వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మీకు తెల్లగా మెరుస్తుంది, అవతలివాడికి రెండు సెకన్లు ఏమీ కనిపించదు.

ఇంట్లోనే కొలుచుకోండి

మీటర్ లేకపోయినా ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే అంచనా దొరుకుతుంది. లైట్ సెన్సర్ సెల్ఫీ కెమెరా పక్కన ఉంటుంది. ఏదైనా లక్స్ మీటర్ యాప్ తెరిచి, నీడలో కారు ఆపి, అద్దం దించి ఫోన్ స్క్రీన్ బయటికి తిప్పి రీడింగ్ తీసుకోండి. ఫోన్ కదపకుండా అద్దం ఎక్కించి మళ్లీ తీసుకోండి. రెండో నంబర్‌ని మొదటి దాంతో భాగించి 100తో గుణించండి. నాన్న కారుకి నాకు 76 వచ్చింది. ఇప్పుడు 50ని 76తో భాగిస్తే 0.66. అంటే మా కారు సైడ్ అద్దాలకు 66% కన్నా తక్కువ ఫిల్మ్ వేయకూడదు. కోర్టులో చెల్లే కొలత కాదిది, కానీ షాపులో మోసపోకుండా ఉండటానికి చాలు.

ఈ లెక్క పట్టుకుని మళ్లీ అదే షాపుకి వెళ్లాను. 70% ఫిల్మ్, టీఎస్ఈఆర్ ఎంత, ప్రమాణాల సర్టిఫికెట్ ఉందా, వేశాక కొలిచి బిల్లు మీద రాస్తారా అని అడిగాను. అతను నవ్వి, "ఇదేమన్నా ఫోనా అన్నా, ఇన్ని అడుగుతున్నరు" అన్నాడు. రాసివ్వనన్నాడు. నేను వేయించుకోకుండా వచ్చేశాను. రాసిచ్చే షాపు దొరికినా, ఇక్కడి పోలీసులు మీటర్‌తో చూస్తామనేదాకా ఆగుదామనుకుంటున్నాను.

అప్పటిదాకా అమ్మ వెనక అద్దానికి టవల్ అడ్డం పెట్టుకుంటోంది. ఆ టవల్ వీఎల్‌టీ సున్నా. దానికి ఇంతవరకూ ఎవరూ చలానా రాయలేదు.