మొరాయించే ఇంజను: విస్తరణ విద్యలో చెప్పని పాఠం

బూర్గంపాడు మండలంలో గోదావరికి, కిన్నెరసానికి దగ్గరగా ఉన్న బరువు నేలలలో వానాకాలపు ముసురు విడిచిన తరువాత అంతరకృషికి దొరికే అదను రెండు మూడు రోజులకు మించదు. నేల కాలు దిగబడనంతగా ఆరాలి, మళ్ళీ వాన పడకముందే కలుపు తీయడం పూర్తి కావాలి. ఆ రెండు రోజులలో ఒక పూట యంత్రం నడవకపోతే పత్తిలో గడ్డి మొక్కను మించిపోతుంది. కూలీలు అదే సమయంలో అందరికీ కావాలి కనుక ఎవరికీ దొరకరు. చివరకు రైతు గడ్డిమందు డబ్బా కోసం దుకాణానికి వెళతాడు. మనం సమగ్ర కలుపు యాజమాన్యం గురించి ఎన్ని సభలలో చెప్పినా, ఆనాటి నిర్ణయం స్టార్ట్ కాని ఒక చిన్న ఇంజను వద్ద జరిగిపోతుంది.

అటువంటి ఒక ఉదయం ఈ మండలంలోని ఒక రైతు ఇంటి వసారాలో పవర్ వీడర్ ముందు నిలబడవలసి వచ్చింది. రాయితీపై తీసుకున్న యంత్రం, మూడవ సంవత్సరంలో ఉన్నది. రైతు కుమారుడు స్టార్టర్ తాడు లాగి లాగి భుజం పట్టుకొని కూర్చున్నాడు. "సార్, మీరే కదా ప్రదర్శన పెట్టి చూపించింది, దీని సంగతేమిటో చెప్పండి" అని రైతు అడిగాడు. ప్రదర్శన నాడు ఎకరాకు అయ్యే ఖర్చు, ఆదా అయ్యే కూలీల సంఖ్య, సాళ్ల మధ్య ఉండవలసిన దూరం అన్నీ చెప్పి ఉన్నాను. ఇంజను ఎందుకు మొరాయిస్తుందో ఆనాడు చెప్పలేదు, ఈనాడు నాకూ తెలియలేదు. యంత్రాన్ని ఆటోలో వేసుకొని భద్రాచలం తీసుకువెళ్ళారు. అక్కడి మెకానిక్ టాంకులోని పాత పెట్రోలు పారబోసి, కార్బురేటర్ అడుగు గిన్నె విప్పి కడిగి, కొత్త పెట్రోలు పోశాడు. మూడవ లాగుకే స్టార్ట్ అయింది. అంతలో సాయంత్రమైంది, రాత్రి వాన పడింది.

ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్కటే. యంత్రాన్ని పరిచయం చేసిన విస్తరణ వ్యవస్థ దానిని తిరిగి స్టార్ట్ చేసుకొనే క్రమాన్ని కూడా నేర్పవలసి ఉన్నది. ఇది మెకానిక్ విద్య కాదు, రైతు విద్య.

మన విశ్వవిద్యాలయ ప్రాంగణాలలో పచ్చిక బయళ్ళను కోయడానికి కూర్చొని నడిపే గడ్డికోత యంత్రాలు ఉంటాయి. బూర్గంపాడు రైతుకు ఆ యంత్రంతో పని లేదు. అయితే ఆయిల్ పామ్, మామిడి తోటలలో మినీ ట్రాక్టర్ వెనుక స్లాషర్ తగిలించి గడ్డి నరికే పద్ధతి దానికి చాలా దగ్గరిది, స్టార్టింగ్ సమస్యలు కూడా దాదాపు అవే. కూర్చొని నడిపే కోత యంత్రంలో సీటు క్రింద ఒక స్విచ్, బ్రేకు పెడల్ వద్ద ఒకటి, బ్లేడును కలిపే మీట వద్ద మరొకటి ఉంటాయి. మనిషి సీటులో లేకున్నా, బ్లేడు కలిసి ఉన్నా ఇంజను స్టార్ట్ కాకుండా ఇవి అడ్డుకుంటాయి. పలు మినీ ట్రాక్టర్లలో క్లచ్ పూర్తిగా నొక్కనిదే, పి.టి.ఓ. మీట విడిచి ఉండనిదే స్టార్టర్ మోటారు తిరగదు. కాబట్టి తాళం తిప్పినా ఏ చప్పుడూ రాకపోతే మొదట చూడవలసినది ఈ మీటలను, పెడళ్ళను. ఆ తరువాతనే బ్యాటరీని అనుమానించాలి.

ఈ స్విచ్‌లు పని చేయనప్పుడు స్క్రూడ్రైవరుతో స్టార్టర్ మోటారు రెండు బోల్టులను కలిపి ఇంజను లేపడం గ్రామాలలో ఒక నేర్పుగా చెలామణి అవుతున్నది. గేరులో ఉన్న ట్రాక్టర్ అలా స్టార్ట్ అయితే ప్రక్కన నిలబడిన మనిషి మీదికే వస్తుంది. ఇది చూసి కూడా చూడనట్లు ఊరుకోవడం విస్తరణ సిబ్బందికి తగదు.

బ్యాటరీ విషయంలో ఒక చవకైన మల్టీమీటరు చాలు. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా చార్జ్ అయి ఉంటే విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 దగ్గర ఉంటే సగమే మిగిలిందని అర్థం, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. మీటరు సరిగానే చూపుతూ, తాళం తిప్పినప్పుడు టక్కుమనే శబ్దం మాత్రమే వస్తే టెర్మినళ్ళపై పేరుకొన్న తెల్లటి చిలుము కారణం కావచ్చు. ముందుగా నెగటివ్ తీగ విప్పి, తరువాత పాజిటివ్ విప్పి, వంటసోడా కలిపిన నీటితో తోమి, తుడిచి, బిగించి, కొద్దిగా వాజలీన్ పూస్తే సరిపోతుంది. కొత్త బ్యాటరీ కొన్న తరువాత కూడా అదే టక్కు వినబడి నిరాశపడ్డ రైతులను చూశాను. మోటారు చక్కగా తిరుగుతూ ఇంజను మాత్రం అందుకోకపోతే డీజిలు వైపు చూడాలి. టాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయితే గొట్టాలలో గాలి చేరుతుంది. ఫిల్టరుపై ఉన్న గాలి మర వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు లేని డీజిలు కారేవరకు ఉంచి బిగించాలి.

పవర్ వీడర్, బ్రష్ కట్టర్ వంటి చిన్న పెట్రోలు ఇంజన్ల విషయానికి వస్తే, వాటికి కావలసినవి నాలుగు: ఇంధనం, గాలి, నిప్పురవ్వ, కంప్రెషన్. తాడు లాగినప్పుడు చేతికి గట్టిగా ఎదురు తగిలితే కంప్రెషన్ సాధారణంగా ఉన్నట్లే. మిగిలిన మూడింటి గుట్టు స్పార్క్ ప్లగ్ చెబుతుంది. పది పదిహేను సార్లు తాడు లాగిన తరువాత ప్లగ్ విప్పి చూడాలి. కొన తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే ఇంధనం ఎక్కువైందన్న మాట. చోక్ వేసి మరీ మరీ లాగడం వల్ల తరచు ఇలా జరుగుతుంది. చోక్ తీసివేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, ప్లగ్ లేకుండా నాలుగైదు సార్లు తాడు లాగి, ప్లగ్ ఆరబెట్టి బిగించాలి. కొన పొడిగా ఉంటే ఇంధనం అందడం లేదు. అప్పుడు పెట్రోలు కాక్, టాంకులోని చిన్న ఫిల్టరు, మూతలోని గాలి రంధ్రం, కార్బురేటర్ వరుసగా చూడాలి. మూతలోని రంధ్రాన్ని చాలామంది మరచిపోతారు. ఇంజను స్టార్ట్ అయి కొన్ని నిమిషాలకే ఆగిపోతూ, మూత కాస్త వదులు చేయగానే నడిస్తే దోషం అక్కడే ఉన్నది.

తడి ప్లగ్, పొడి ప్లగ్ అనే ఈ ఒక్క తేడా తెలిసిన రైతు అనవసరంగా కార్బురేటర్ మరలు తిప్పడు. తెలియని రైతు మొదట తిప్పేది ఆ మరలనే. తరువాత దానిని సరిచేయడం మెకానిక్‌కు కూడా కష్టమవుతుంది.

నిప్పురవ్వను పరీక్షించేటప్పుడు టోపీ తగిలించిన ప్లగ్‌ను రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకొని, దాని మరల భాగాన్ని ఇంజను లోహానికి ఆనించి, మరొకరిచేత తాడు లాగించాలి. ప్లగ్ రంధ్రానికి, ఒలికిన పెట్రోలుకు దూరంగా ఉండాలి. కొనల మధ్య ఖాళీ సాధారణంగా 0.6 నుండి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. తమ యంత్రానికి ఎంతో దానితో వచ్చిన పుస్తకంలో చూడాలి. ఆ పుస్తకం తెలుగులో లేకపోవడం వేరే వ్యథ. అనేక నాలుగు స్ట్రోకుల ఇంజన్లలో ఆయిల్ తగ్గితే ఇంజనును ఆపివేసే ఏర్పాటు కూడా ఉంటుంది. ఏటవాలు గట్టు మీద యంత్రం ఆగిపోయి చదును నేల మీద నడిస్తే ముందుగా ఆయిల్ మట్టం చూడాలి.

పెట్రోలు గురించి మరికొంత చెప్పక తప్పదు. దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుండి 2025-26కు ముందుకు జరిపారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నదీతీరపు చెమ్మలో, సగం నిండిన టాంకులో నెలల తరబడి ఉన్న పెట్రోలులో నీటి శాతం మితి మీరితే నీరు, ఇథనాల్ కలిసి వేరే పొరగా అడుగుకు దిగుతాయి. కార్బురేటర్‌కు మొదట అందేది ఆ అడుగు పొరే. రెండు స్ట్రోకుల బ్రష్ కట్టర్‌లో ఇది మరీ ప్రమాదకరం. మనం కలిపిన ఆయిల్ పై పొరలోని పెట్రోలుతోనే ఉండిపోతుంది కనుక ఇంజనుకు జిడ్డు అందదు. ఇథనాల్ లేకున్నా నిలువ పెట్రోలు ఆవిరై సన్నటి రంధ్రాలలో బంక మిగులుస్తుంది. పంట కాలం ముగియగానే టాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలినది అయిపోయి ఇంజను తనంతట తాను ఆగేవరకు నడపడం అయిదు నిమిషాల పని. ఆ రైతు వసారాలో నేను చూసిన యంత్రానికి లేనిది ఈ అయిదు నిమిషాలే. ఆయిల్ పాళ్ళ విషయంలో కూడా అంచనా పనికిరాదు. 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. సీసా మూతతో కొలిచే అలవాటు మాన్పించాలి.

నిత్య సంరక్షణలో ఆయిల్ మార్పు, బ్లేడు పదును, నట్ల బిగింపు అందరికీ తెలిసినవే. ఎయిర్ క్లీనర్ మాత్రం నిర్లక్ష్యానికి గురవుతున్నది. ఎండు గడ్డి నరికేటప్పుడు లేచే దుమ్ములో దానిని రోజూ తెరిచి చూడాలి. బ్లేడు తాకే ముందు చిన్న ఇంజనులో ప్లగ్ టోపీ తీయడం, ట్రాక్టరులో పి.టి.ఓ. విడిచి తాళం చేతిలోకి తీసుకోవడం నియమంగా పాటించాలి.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన పాఠం మరొకటి ఉన్నది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగుల వద్దనే ఇస్తారు. 1986లో 75.6 అడుగుల వరద వచ్చింది. ఈ నది ఒడ్డున యంత్రం నీట మునగడం వింత కాదు. మునిగిన ఇంజనును నడుస్తుందేమో చూద్దామని స్టార్ట్ చేయడమే దానికి చివరి దెబ్బ అవుతుంది. సిలిండరులో చేరిన నీరు గాలివలె అణగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ తీగలు విప్పాలి. ఆయిల్, ఇంధనం పూర్తిగా దించాలి. పెట్రోలు ఇంజనైతే ప్లగ్ తీసి తాడు మెల్లగా లాగి నీటిని బయటకు పంపాలి. డీజిల్ ఇంజనైతే ఇంజెక్టర్లు విప్పవలసి ఉంటుంది కనుక మెకానిక్‌కు అప్పగించడం మేలు. కొత్తగా పోసిన ఆయిల్ కొద్దిసేపు నడిపిన తరువాత పాలవలె తెల్లబడితే మరల మార్చాలి. వరద హెచ్చరికలతో పాటు ఈ నాలుగు మాటలు చేరి ఉంటే ఎన్నో ఇంజన్లు దక్కేవి.

"ఇది ఇంజనీరింగ్ విభాగం వారి పని, మాది కాదు" అన్న అభ్యంతరం విస్తరణ శాస్త్రవేత్తలలో ఉన్నది. గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటివి ఉండనే ఉన్నాయి కదా అని కూడా అంటారు. అవి ఉండవలసినవే. కానీ బూర్గంపాడు కోయ రైతు పత్తి చేను వదిలి అనంతపురం జిల్లాకు పోలేడు. చీడను గుర్తించడానికి కీటక శాస్త్రంలో పట్టా అవసరమని మనం రైతుకు ఎన్నడూ చెప్పలేదు. ఆకు తిప్పి చూడమన్నాం, అతడు నేర్చుకున్నాడు. ప్లగ్ విప్పి చూడడం అంతకంటే కఠినమైనది కాదు. విప్పితే వారంటీ పోతుందన్న భయం కొంత నిజమే. అందువల్లనే ఏది విప్పవచ్చో, ఏది విప్పరాదో గీత గీసి చెప్పడం మన బాధ్యత అవుతున్నది. ప్లగ్, ఎయిర్ క్లీనర్, ఇంధన ఫిల్టరు, బ్యాటరీ టెర్మినళ్ళు రైతువి. ఇంజెక్టరు, వాల్వులు, గేరు పెట్టె మెకానిక్‌వి.

మన లెక్కలు కూడా మారాలి. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కాలం నుండి నివేదికలలో ప్రధానంగా కనబడేది పంపిణీ అయిన యంత్రాల సంఖ్య, ఖర్చయిన రాయితీ మొత్తం. మూడవ వానాకాలంలో వాటిలో ఎన్ని నడుస్తున్నాయన్నది ఆ ప్రక్కన మరొక గడిగా చేరితే చాలు, మిగిలిన మార్పులు వాటంతట అవే వస్తాయని నా అభిప్రాయం. ఈ సర్వేకు గ్రామీణ వ్యవసాయ కార్యానుభవానికి వెళ్ళే చివరి సంవత్సరం విద్యార్థులకంటే తగినవారు లేరు. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల ఈ జిల్లాలోనే ఉన్నది. ఆ విద్యార్థులు ఇంజను పనితీరును పటంలో చదివి ఉంటారు. పటంలోని కార్బురేటర్ ఎన్నడూ మొరాయించదు.

ప్రదర్శనల తీరు విషయంలో నా సూచన ఇది. కొత్త యంత్రంతో పాటు, ముందే పాడుచేసి పెట్టిన ఒక పాత యంత్రాన్ని కూడా రైతు వేదికకు తేవాలి. ఒకదాని కాక్ మూసి ఉంచాలి, ఒకదానికి నల్లబడ్డ ప్లగ్ బిగించాలి, మరొకదాని మూత రంధ్రం మైనంతో మూయాలి. శాస్త్రవేత్త మాట్లాడకుండా నిలబడి, రైతులచేత, ముఖ్యంగా యంత్రాలను అద్దెకిచ్చే మహిళా సంఘాల సభ్యులచేత, దోషాన్ని పట్టించాలి. తాడు లాగడానికి బలం తక్కువని మహిళలను ప్రక్కన నిలబెట్టడం జరుగుతున్నది. సరిగా ఉన్న ఇంజను మూడు లాగులలోనే అందుకుంటుంది, అంత బలం అందరికీ ఉంటుంది. ఇందుకు తగిన కాలం మే నెల చివరి వారం. టాంకులో గత సంవత్సరపు పెట్రోలు ఇంకా ఉంటుంది, పత్తి విత్తడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. ఒక ప్లగ్ స్పానరు, ఒక మల్టీమీటరు, పాత పళ్ళు తోముకొనే బ్రష్, కొలత గ్లాసు, రెండు లీటర్ల తాజా పెట్రోలు ఉంటే ఒక ఉదయం సరిపోతుంది.