రొట్టె తట్టని చెయ్యి

ప్రొద్దుటూరులో మా చిన్నమ్మ జొన్నరొట్టె తడితే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. కిందటేడు సంక్రాంతికి వెళ్లేసరికి పిండి ముద్ద ముందు పెట్టుకొని ఊరికే కూర్చుని ఉంది.

"ఏం చిన్నమ్మా?" అన్నాను.

"ఏంల్యా నాయనా, వేళ్లు పైకి లేయవు. నొప్పా, ఏమీ ల్యాదు" అంది.

కుడి మోచేతికి కాస్త దిగువన నిమ్మకాయంత ఉబ్బు. రెండేళ్లుగా ఉందట. నొప్పి లేదు గనుక ఎవరికీ పట్టలేదు. పసుపూ సున్నమూ పట్టు వేశారు. ఎముకమీది గడ్డ గనుక పుత్తూరు పోయి కట్టు కట్టిద్దామని చిన్నాయన పట్టు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు గదా అని ఆయనతో వాదించి, ఆమెను నాతో కర్నూలు తీసుకువచ్చాను. 1957లో వైద్య కళాశాల పెట్టినప్పటినుంచీ జబ్బు అంతుపట్టకపోతే మా సీమవాళ్లు చూసేది కర్నూలు వైపే.

ఎముకల డాక్టరుగారు ముందు గడ్డను ముట్టుకోలేదు. "చెయ్యెత్తండమ్మా" అన్నారు. మణికట్టు లేచింది. వేళ్లు మాత్రం వాడిన తమలపాకుల్లా వేలాడుతున్నాయి. తరువాత నొక్కి చూశారు. చర్మం కింద మామూలు కొవ్వుగడ్డ అయితే వేలికి దొరక్కుండా పక్కకు జారుతుంది. ఇది మెత్తగానే ఉంది గాని కదలదు.

ఎక్స్‌రేలో కండ నీడ నడుమ అంతకన్న నల్లని మచ్చ, దాని అడుగున ఎముకమీద చిన్న ముల్లులాంటి మొలక. ఆ మొలకను చూసి చిన్నాయనకు నోట మాట రాలేదు. "క్యాన్సరా?" అని అడిగింది నేనే.

ఎం.ఆర్.ఐ. తీయించారు. ఆ యంత్రంలో ఒక సదుపాయం ఉంది: కొవ్వు వెలుగును మాత్రమే అణచివేసి మరొక బొమ్మ తీయవచ్చు. మొదటి బొమ్మలో చర్మం కింది కొవ్వుతో సమంగా తెల్లగా మెరిసిన గడ్డ, రెండో బొమ్మలో దానితోపాటే నల్లబడింది. అంటే కొవ్వే. లోపల దళసరి పొరలూ ముద్దలూ ఉంటే చెడ్డ జాతి అని అనుమానించాలట, ఇందులో లేవు. ఎముకలోని మూలుగ ఆ మొలకలోకి సాగలేదు గనుక అది ఎముకనుంచి పుట్టిన కణితీ కాదు.

దీని పేరు ప్యారాస్టియల్ లైపోమా. 1888లో డార్సీ పవర్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు వాడిన పేరు. గడ్డ ఎముక పొరలోనే పుట్టిందని తేల్చి చెప్పకుండా "ఎముక పక్కనున్నది" అన్నాడు. తెలుగు మేష్టరును గనుక ఆ జాగ్రత్త నాకు నచ్చింది. వెయ్యి కొవ్వుగడ్డల్లో ఇలాంటివి మూడుంటే ఎక్కువ. క్యాన్సరుగా మారడం బహు అరుదు.

"ఒంట్లో కండే ల్యాదు, కొవ్వు యాడినుంచి వచ్చెరా!" అని చిన్నమ్మ నవ్వింది. డాక్టరుగారు నవ్వలేదు. కొవ్వు మంచిదే గాని, అది కూర్చున్న చోటు చెడ్డది. బొటనవేలి వైపు ఎముక మెడను చుట్టుకుని, వేళ్లను చాపించే నరం పోతుంది. గడ్డ దాన్ని ఒత్తుతోంది. చర్మానికి స్పర్శ ఇచ్చే పని ఆ నరానికి లేదు గనుక తిమ్మిరి కూడా పుట్టలేదు. చెయ్యి మూగగా పడిపోతూ వచ్చింది. ఇంకా ఆలస్యమైతే కండలు క్షీణించి, గడ్డ తీసినా వేళ్లు లేవకపోవచ్చునన్నారు. అప్పటిదాకా క్యాన్సరు కాదని కుదుటపడ్డ నాకు మళ్లీ గుండె జారింది.

ఆపరేషనులో ముందు నరాన్ని వెతికి పక్కకు తప్పించి, ఆ తరువాతే గడ్డను ఎముకనుంచి విడదీశారు. సూక్ష్మదర్శిని కింద చూసినా అది వట్టి కొవ్వే.

నరం మేలుకోవడానికి నెలలు పట్టింది. మొదట చూపుడువేలు, ఆలస్యంగా బొటనవేలు. దసరాకు వెళితే చిన్నమ్మ రొట్టె తట్టి పెట్టింది. ఒక అంచు దళసరిగా ఉంది. చిన్నాయన రెండోది కూడా అడిగి వేయించుకున్నాడు.