గడ్డి మాటున ఇసుక

బెంగళూరు రేస్‌కోర్సును నగరం నడిబొడ్డు నుంచి బయటికి పంపాలన్న ప్రభుత్వ సంకల్పం చుట్టూ ఇన్నేళ్లుగా ఎకరాల లెక్క నడిచింది, అద్దె లెక్క నడిచింది, ట్రాఫిక్ లెక్కా నడిచింది. గుర్రం కాలు మోపే నేల ఎలా ఉండాలన్నది మాత్రం బహిరంగ చర్చకు రాలేదు. 2009 చివర లీజు గడువు తీరాక, యలహంక దాటి విమానాశ్రయం దారిలో ఉన్న చిక్కజాలను ప్రత్యామ్నాయంగా చూపినప్పుడు రాలేదు. కుణిగల్ అశ్వక్షేత్రం పేరు ముందుకొచ్చాక కూడా రావడం లేదు. కొత్త మైదానం వేయడమంటే ముందు నేల సంగతి తేల్చుకోవడమే. ఆ ప్రశ్నను పక్కనపెట్టి తరలింపు ఖాయం చేయాలనుకోవడం తప్పు.

ఎవరైనా అడిగితే రేసింగ్ వర్గాల్లో తరచూ వినిపించే సమాధానం ఒకటుంది. డర్ట్ (ఇసుక, మట్టి కలిసిన నేల) ట్రాకా, సింథటిక్ ట్రాకా అన్నది అమెరికా వాళ్ల తగవు, ఇక్కడ పందేలు గడ్డి మీద జరుగుతాయి, ఆ గొడవతో మనకేం పని అని. ఇందులో సగం నిజం. బెంగళూరులో, మైసూరులో, హైదరాబాద్ మలక్‌పేటలో, చెన్నై గిండీలో పందేలు గడ్డి మీదే జరుగుతాయి. కానీ ఆ సగం నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగతా సగాన్ని దాచేయడం నిజాయితీ కాదు.

రేసు గుర్రం జీవితంలో పందెం ఎంతసేపు? 1,200 మీటర్ల పరుగు ముగియడానికి నిమిషంన్నర పట్టదు. 2,400 మీటర్లయినా అటూ ఇటుగా రెండున్నర నిమిషాలు. అలాంటి పందెం మళ్లీ రావడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో ప్రతి తెల్లవారుజామునా గుర్రం చేసే కసరత్తు ఎక్కడ? ఎక్కువగా ఇసుక మీద. దానికి సాక్ష్యం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పత్రికల రేసు పేజీలో ‘ఇన్నర్ శాండ్’, ‘ఔటర్ శాండ్’ అనే శీర్షికల కింద ఏ గుర్రం 600 మీటర్లు, 1,000 మీటర్లు, 1,200 మీటర్లు ఎన్ని సెకన్లలో పరుగెత్తిందో సీజన్ పొడవునా అచ్చవుతూనే ఉంటుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కరాసేవాళ్లు రాసేది ఇసుక మీద పరుగుల లెక్కే. పందెం రోజుల కోసం గడ్డిని కాపాడుకోవాలి గనుక రోజువారీ భారమంతా ఇసుక మోస్తుంది. పందెగాళ్లకు ఆ సమయాలు అందించే క్లబ్బులకు తమ గుర్రాలు ఏ నేల మీద బతుకుతున్నాయో తెలియదనుకోవడానికి లేదు.

అసలు కీలకం ఇక్కడే ఉంది. పందెంలో విరిగే కాలు చాలాసార్లు ఆ రోజే పాడైన కాలు కాదు. కాలిఫోర్నియాలో 1990 నుంచి చనిపోయిన రేసు గుర్రాలకు తప్పనిసరిగా శవపరీక్ష చేస్తున్నారు. డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిలో పదేపదే చూసింది ఏమిటంటే, ఎముక విరిగినచోటే అంతకుముందు నుంచీ సన్నటి పగుళ్ల జాడలు ఉన్నాయి. వేగంగా పరుగెత్తిన ప్రతిసారీ ఎముకలో కంటికి కనిపించని దెబ్బలు పడతాయి. శరీరం ముందు దెబ్బతిన్న ఎముకను తొలగించి, ఆ తర్వాతే కొత్త ఎముకను నింపుతుంది. ఈ రెంటి మధ్య ఆ చోటు బలహీనంగా ఉంటుంది. ఆ వ్యవధిలో మళ్లీ గట్టినేల మీద గాలప్ పడితే పగులు పెరుగుతుంది. చివరికి ఎముక విరిగేది జనం ముందు, గడ్డి మీద కావచ్చు. దాన్ని గడ్డి ఖాతాలో వేసి, తెల్లవారుజాముల ఇసుకను నిర్దోషిగా వదిలేయడమే ‘మనకేం పని’ అనే వాదన చేస్తున్న పని. నోరులేని జీవం విషయంలో ఇది క్షమించరాని దాటవేత.

బెంగళూరు వేసవి సీజన్ మే మధ్య నుంచి జులై దాకా, అంటే వానల్లోనే సాగుతుంది. రాత్రి గట్టివాన పడితే ఇసుకలోని సన్నటి రేణువులు నీటితోపాటు పల్లానికి జారిపోతాయి. ఒకచోట మేటవేసి గిట్ట కూరుకుపోతుంది, పది అడుగుల అవతల పొర పలచబడి అడుగునున్న గట్టితనం గిట్టకు తగులుతుంది. ట్రాక్టర్ వెనక పళ్లదంతె కట్టి దున్నితే పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది. కానీ అయిదువందల కిలోల జంతువు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఒక్కో దశలో బరువంతా ఒక్క ముంగాలి మీదే పడుతుంది. గిట్ట పైనున్న కీలుకు దంతె గీసిన గీతలతో పనిలేదు, అడుగున ఏముందన్నదే లెక్క. ఎండలు ముదిరాక సమస్య తిరగబడుతుంది. తడి ఆరి ఇసుక వదులైపోతుంది, పట్టు చిక్కక గిట్ట వెనక్కి జారుతుంది.

సింథటిక్ ట్రాక్ పుట్టింది ఈ ఎగుడుదిగుడును తగ్గించడానికే. ఇసుకకు మైనం పూసి, కృత్రిమ పీచు, కొన్ని రకాల్లో రబ్బరు ముక్కలు కలిపి, నీరు ఇంకిపోయే అడుగు మీద పరుస్తారు. వాన నీరు పక్కలకు పారకుండా నిలువుగా కిందికి దిగుతుంది కాబట్టి రేణువులు కొట్టుకుపోవు. ఇంగ్లండ్‌లోని లింగ్‌ఫీల్డ్ రేస్‌కోర్సు 1989లోనే తొలి రకాన్ని పరిచింది, 2001లో దాన్ని తీసి పాలీట్రాక్ అనే కొత్త రకం వేసింది. అమెరికా జాకీ క్లబ్ నడుపుతున్న గాయాల లెక్క ప్రకారం 2022లో ప్రతి 1,000 పరుగులకు ప్రాణాంతక గాయాలు డర్ట్ మీద 1.44, సింథటిక్ మీద 0.41. ఏటా తేడా ఇంత ఉండదు, కానీ దీర్ఘకాలంలో మొగ్గు ఎటన్నది స్పష్టం.

సింథటిక్‌కు లోపాలు లేవని కాదు. అమెరికాలోని శాంటా అనిటా రేస్‌కోర్సులో నీరు దిగక 2008లో పందేలు రద్దయ్యాయి, ఎండకు మైనం మెత్తబడుతుంది, అక్కడి కీనెలాండ్ 2014లో, డెల్ మార్ 2015లో తిరిగి డర్ట్‌కే వెళ్లాయి. పీచు, రబ్బరు తునకలు చెరువుల్లోకి చేరతాయన్న భయమూ సహేతుకమే, అందులోనూ యలహంక, చిక్కజాల ప్రాంతాల్లాంటి చెరువుల సీమలో. ఇవన్నీ ట్రాక్‌ను జాగ్రత్తగా కట్టడానికి కారణాలు. చర్చే అక్కర్లేదనడానికి కారణాలు కావు.

అమెరికాలోనూ ఇలాంటి దాటవేత ఉంది. 2023 వసంతంలో చర్చిల్ డౌన్స్ రేస్‌కోర్సులో 12 గుర్రాలు చనిపోయి పందేలను ఎల్లిస్ పార్క్‌కు మార్చినప్పుడు, ట్రాక్ కొలతలు గత ఏళ్ల మాదిరే ఉన్నాయని నిర్వాహకులు అన్నారు. ఆ చావులన్నిటికీ నేలే కారణం కాదు, నిజమే. కానీ నిన్నటి డర్ట్‌తో నేటి డర్ట్‌ను పోల్చి చూస్తే అది మారలేదని తేలుతుంది గానీ, మేలైనదని తేలదు. అయినా అక్కడ కొలతలున్నాయి, చావుల లెక్క ఉంది, వాటిని పట్టుకుని నిలదీసే వీలుంది. ఇక్కడ పందేల్లో, కసరత్తులో ఏ నేల మీద ఎన్ని గుర్రాలు కూలాయో చెప్పే సమగ్ర లెక్క జనం ముందు లేదు. ఆ లెక్క చూపకుండా గడ్డి సురక్షితమని చెప్పే హక్కు ఏ క్లబ్బుకూ లేదు.

బెంగళూరు, హైదరాబాద్, చెన్నై, ముంబై, కోల్‌కతా టర్ఫ్ సంస్థలు అయిదూ కలిసి, నేలవారీగా, కసరత్తుతో సహా, ప్రతి సీజన్ గాయాల లెక్కను ప్రకటించాలి. అంతకన్నా ముందు కర్ణాటక ప్రభుత్వం చేయగల పని ఒకటుంది. భూమి ఎవరిదో వారే షరతు పెట్టగలరు. కొత్త రేస్‌కోర్సు ఎక్కడ వచ్చినా, నీరు దిగే అడుగుతో, తునకలు బయటికి పోకుండా అడ్డుకట్టతో ఒక సింథటిక్ కసరత్తు ట్రాక్ ఉండాలని, దాని గట్టితనం, తేమ కొలతలు క్రమంగా బయటపెట్టాలని లీజులోనే రాయాలి. కోట్ల పందేల ఆదాయంపై పన్ను తీసుకునే ప్రభుత్వానికి ఈ మాత్రం అడిగే బాధ్యత ఉంది. ఆ షరతు లేని లీజుపై సంతకం చేయకూడదు.